హెల్ప్‌లో లేని ఆప్షన్లు: ఫోటోలు అతికే ఓపెన్ సోర్స్ పనిముట్లలో అవి ఎందుకుంటాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు

క్లుప్తంగా: హ్యూగిన్, ఎన్‌బ్లెండ్, ఎన్‌ఫ్యూజ్ వంటి ఓపెన్ సోర్స్ పనిముట్లతో పనోరమాలు అతికేవాళ్లకు ఒక్కోసారి ఏ హెల్ప్ పేజీలోనూ లేని ఆప్షన్లు (కమాండ్ వెంట టైప్ చేసే అదనపు సూచనలు) ఎదురవుతుంటాయి. అవి ఎవరో కావాలని దాచిన రహస్యాలు కావు. కోడ్ ఒకచోట, దాని వివరణ మరోచోట ఉండటం వల్ల వచ్చే ఎడం అది. కొన్ని పాత పేర్లు, కొన్ని డెవలపర్ల పరీక్షల కోసం పెట్టుకున్నవి, కొన్ని ఆ ప్రోగ్రాంను తయారు చేసిన తీరును బట్టి వచ్చేవి, పోయేవి. సరదా ఫోటోకు వాటితో పెద్ద నష్టం లేదు. శాసనాలు, కుడ్యచిత్రాల వంటివాటిని రికార్డు చేసే పనిలో మాత్రం వాటి లెక్క వేరు.

## గండికోట అంచున మొదలయ్యే చిక్కు

గండికోటలో పెన్న లోయ అంచున నిలబడితే ఆ కొస నుంచి ఈ కొస దాకా లోయంతా ఒక్క ఫోటోలో పట్టదు. వెడల్పు లెన్స్ పెడితే పడుతుంది కానీ ఎర్రని రాతి పొరలు చిన్నవైపోయి, ఆ చోటికి ఉన్న గాంభీర్యమే పోతుంది. అందుకే కెమెరాను ఒకే చోట తిప్పుతూ, ఒక్కో ఫోటో పక్కదానితో మూడో వంతు కలిసేలా ఏడెనిమిది తీసి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో అతుకుతారు. ఈ పనికి పైసా ఖర్చు లేకుండా దొరికేది హ్యూగిన్. విద్యార్థులైనా, కడపలోనో ప్రొద్దుటూరులోనో చిన్న స్టూడియో నడిపేవాళ్లైనా దాన్ని దించుకుని వాడుకోవచ్చు.

మొదటి పనోరమా సాధారణంగా కుదరదు. ఆకాశంలో అతుకు గీతలా కనబడుతుంది. దగ్గరగా ఉన్న కోటగోడ రాయి రెండుగా చీలినట్టు వస్తుంది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మధ్యలోనే బిగుసుకుపోతుంది. పరిష్కారం కోసం వెతికితే ఎవరో ఎప్పుడో రాసిన ఒక పొడవాటి కమాండ్ దొరుకుతుంది. అందులో ఒక ఆప్షన్ ప్రోగ్రాం హెల్ప్‌లో ఎక్కడా ఉండదు. అయినా టైప్ చేస్తే ప్రోగ్రాం మారుమాట లేకుండా తీసుకుంటుంది. అదే కమాండ్ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో కొడితే ‘ఈ ఆప్షన్ తెలియదు’ అని ఆగిపోతుంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఇది పనిచేస్తున్నట్టా, లేనట్టా? ఫోటోకు ఏమైనా చేస్తోందా, లేక ఊరికే మింగేస్తోందా?

(ఈ వ్యాసంలో ఆప్షన్ల పేర్లను పలికే తీరులో తెలుగులో రాశాం. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.)

## ఒక్క ప్రోగ్రాం కాదు, పనిముట్ల సంచి

హ్యూగిన్ బయటికి ఒకే ప్రోగ్రాంలా కనిపిస్తుంది. లోపల అది వడ్రంగి సంచి లాంటిది. రెండు ఫోటోల్లో ఒకే బిందువులను వెతికేది సీపీఫైండ్. కెమెరా ఎటు తిరిగి ఉందో లెక్కగట్టేది ఆటోఆప్టిమైజర్. ఫోటోలను వంచి వాటి స్థానంలో కూర్చోబెట్టేది నోనా. అతుకు కనబడకుండా కలిపేది ఎన్‌బ్లెండ్. వేర్వేరు వెలుతురులో తీసినవాటిని ఒకటి చేసేది ఎన్‌ఫ్యూజ్. ప్రతిదీ విడిగా నడిచే ప్రోగ్రామే, ప్రతిదానికీ సొంత ఆప్షన్లున్నాయి.

ఇవి ఒకే చేతి పని కావు. జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న హెల్ముట్ డెర్ష్ 1998లో పనోరమా టూల్స్ మొదలుపెట్టారు. అందులో బొమ్మలు అతికే ప్రోగ్రాం పీటీస్టిచర్ కోడ్ బయటికి రాలేదు. ఐపిక్స్ అనే కంపెనీ పేటెంట్ల పేరుతో ఒత్తిడి తెచ్చాక డెర్ష్ పక్కకు తప్పుకున్నారు. తర్వాత వాడుకరులే ఆ పనిని భుజాన వేసుకున్నారు. పాబ్లో డి ఆంజెలో హ్యూగిన్‌ను తెచ్చారు, పీటీస్టిచర్ బదులు నోనా వచ్చింది. ఆండ్రూ మిహాల్ 2004లో ఎన్‌బ్లెండ్ రాశారు. అందులోని లెక్క 1983లో బర్ట్, ఎడెల్సన్ ప్రచురించిన పద్ధతి. బిందువులను వెతకడానికి మొదట్లో సిఫ్ట్ అనే పద్ధతి వాడేవారు. దానికి అమెరికాలో 2020 దాకా పేటెంట్ ఉండటంతో, ఆ చిక్కు లేని సీపీఫైండ్ హ్యూగిన్‌లో చేరింది.

ఇన్ని చేతులు పడ్డాక పేర్లలో పొందిక ఉండదు. ఒక ఉదాహరణ చూస్తే చాలు. పనోరమా వివరాలుండే .పీటీఓ ఫైల్‌లో ‘ఎఫ్’ అనే అక్షరం రెండు చోట్ల వస్తుంది. ఫోటోను వర్ణించే ‘ఐ’ వరుసలో ఎఫ్2 అంటే గుండ్రటి ఫిష్‌ఐ లెన్స్. పూర్తయ్యే పనోరమాను వర్ణించే ‘పీ’ వరుసలో అదే ఎఫ్2 అంటే చుట్టూ 360 డిగ్రీలను దీర్ఘచతురస్రంగా పరిచే ప్రొజెక్షన్. ఒకే అక్షరం, ఒకే అంకె, రెండు వేరే అర్థాలు. ఇది డాక్యుమెంటేషన్‌లో ఉన్న విషయమే. ఉన్నదే ఇంత తికమక పెడితే, అక్కడ లేనిది ఇంకెంత పెడుతుందో ఊహించవచ్చు.

## ఆప్షన్ ఎలా పుడుతుంది

కమాండ్ లైన్ ప్రోగ్రాంలో ఆప్షన్‌ను చదివే పనిని మామూలుగా గెట్‌ఆప్ట్ లాంగ్ అనే ఫంక్షన్‌కు అప్పగిస్తారు. దానికి ఒక పట్టిక ఇవ్వాలి. పట్టికలో ఒక్కో వరుసకు ఒక పేరు, దాని వెంట విలువ రావాలా వద్దా అన్న సూచన, ఒక గుర్తు ఉంటాయి. ఆ గుర్తు వస్తే ఏం చేయాలో కింద ఇంకోచోట రాస్తారు. ఇంతే. పట్టికలో ఒక వరుస, కింద నాలుగు వరుసలు చేరిస్తే కొత్త ఆప్షన్ పనిచేయడం మొదలవుతుంది.

హెల్ప్‌లో కనిపించే మాటలు ఈ పట్టిక నుంచి పుట్టవు. వాటిని మరో ఫంక్షన్‌లో మనిషే చేత్తో రాయాలి. టెర్మినల్‌లోనే తెరిచి చదివే వివరణ, అంటే మాన్ పేజీ, ఇంకో ఫైల్. పెద్ద మాన్యువల్ మరొకటి. అనువాదాలు వేరే. అంటే ఒక ఆప్షన్‌ను సరిగ్గా పరిచయం చేయాలంటే కనీసం మూడు నాలుగు చోట్ల రాయాలి, అది పనిచేయడానికి మాత్రం ఒక్కచోట రాస్తే చాలు. జీతం లేకుండా, ఉద్యోగం అయ్యాక రాత్రి పూట కూర్చుని రాసేవాళ్ల పని ఇది. మొదట పనిచేయించి, వివరణ తర్వాత రాద్దాం అనుకోవడం సహజం. ఆ ‘తర్వాత’ కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది.

రాయలసీమలో ఈ పరిస్థితిని అర్థం చేసుకోవడానికి బోరుబావి స్టార్టర్ డబ్బా మంచి పోలిక. బయట పచ్చ బటన్, ఎర్ర బటన్. అవి అందరివీ. మూత తీస్తే లోపల ఓవర్‌లోడ్ రిలేకు ఒక చిన్న తిప్పుడు మీట ఉంటుంది. మోటారు మాటిమాటికీ పడిపోతోందని దాన్ని పైకి తిప్పితే మోటారు ఆగకుండా నడుస్తుంది. నడిచింది కాబట్టి సమస్య తీరిందనిపిస్తుంది. నిజానికి తీసేసింది రక్షణను. వైండింగ్ కాలిపోయే రోజు దాకా ఆ సంగతి తెలియదు. హెల్ప్‌లో లేని ఆప్షన్ కూడా మూత లోపలి మీట లాంటిదే. దాన్ని తిప్పడం నేరం కాదు, కానీ అది దేన్ని ఆపడానికి అక్కడుందో తెలిసి తిప్పాలి.

## అన్నీ ఒకే రకం కావు

‘డాక్యుమెంట్ కాని ఆప్షన్’ అని ఒకే పేరు పెట్టేస్తాం కానీ, ఆ ముసుగు కింద వేర్వేరు జాతులున్నాయి. ఏది ఏదో తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేవి పాత పేర్లు. ఎన్‌ఫ్యూజ్ తొలి రోజుల్లో వెలుతురుకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పే ఆప్షన్ పేరు --డబ్ల్యూఎక్స్‌పోజర్. అందులో మొదటి అక్షరం చిన్నది, రెండోది పెద్దది. 4.0 వెర్షన్ నాటికి దాన్ని --ఎక్స్‌పోజర్-వెయిట్ అని మార్చారు. --హార్డ్‌మాస్క్ కాస్తా --హార్డ్-మాస్క్ అయింది. పాత పేర్లను వెంటనే చంపేయలేదు. వాడితే ‘ఇది పాతబడింది, ఫలానాది వాడండి’ అని హెచ్చరించి పని చేసిపెట్టేలా ఉంచారు. పాత స్క్రిప్టులు ఆగిపోకూడదన్న మర్యాద అది. ఆ తర్వాత 2016లో వచ్చిన 4.2లో --ఎక్స్‌పోజర్-మ్యూ పేరు --ఎక్స్‌పోజర్-ఆప్టిమమ్‌గా, --ఎక్స్‌పోజర్-సిగ్మా పేరు --ఎక్స్‌పోజర్-విడ్త్‌గా మారాయి. 2008లో రాసిన పాఠం, 2012లో రాసిన పాఠం, ఇవాళ్టి హెల్ప్ మూడూ మూడు పేర్లు చెబుతాయి. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, కాకపోతే ఎవరి కాలంలో వాళ్లు.

రెండో రకం గురించి చాలామందికి తెలియదు. గెట్‌ఆప్ట్ లాంగ్‌కు పొడవాటి పేరును పూర్తిగా చెప్పనక్కర్లేదు. మరో పేరుతో కలవనంత వరకు మొదటి కొన్ని అక్షరాలు చాలు. --వెర్బోస్ అని పూర్తిగా రాయకుండా --వెర్బ్ అని ఆపేసినా ఒప్పుకుంటుంది. ఈ కురచ రూపాలు ఏ హెల్ప్‌లోనూ ఉండవు, ఎందుకంటే వాటిని ఎవరూ తయారు చేయలేదు. ప్రమాదం కొత్త వెర్షన్ వచ్చినప్పుడు తెలుస్తుంది. పాత ఎన్‌ఫ్యూజ్‌లో --ఎక్స్‌పోజర్-డబ్ల్యూ అని ఆపేస్తే అది వెయిట్‌కే వెళ్లేది. 4.2లో వెయిట్‌కు పక్కనే విడ్త్ వచ్చింది. రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. దాంతో నిన్నటిదాకా నడిచిన స్క్రిప్టు ‘ఏదో తేల్చుకోండి’ అని ఆగిపోతుంది. కమాండ్‌లో ఒక్క అక్షరమూ మారలేదు. ప్రోగ్రాం లోపలి ఇరుగుపొరుగు మారింది.

మూడోది తయారీని బట్టి మారేది. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను ఎవరైనా కోడ్ నుంచి తయారు చేయవచ్చు, తయారీలో కొన్ని భాగాలను చేర్చవచ్చు, వదిలేయవచ్చు. ఎన్‌బ్లెండ్ 4.0 కాలంలో ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ను వాడుకునే ఇమేజ్ క్యాష్ అనే ఏర్పాటు ఉండేది. దానికి సంబంధించిన -ఎమ్, -బీ ఆప్షన్లు ఆ భాగంతో తయారైన ప్రోగ్రాంలోనే పనికొచ్చేవి. వెర్షన్ అంకె ఒకటే అయినా, విండోస్‌కు ఒకరు తయారు చేసినదానిలో ఒక తీరు, ఉబుంటు వాళ్లు తయారు చేసినదానిలో మరో తీరు. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో కమాండ్ ఆగిపోవడానికి ఇది తరచుగా కనిపించే కారణం.

నాలుగోది అసలైన మూత లోపలి మీట. ఎన్‌బ్లెండ్‌లో --పారామీటర్ అనే ఆప్షన్ ఉంది. దాని పేరు మాన్యువల్‌లో ఉంది. ప్రోగ్రాంను మళ్లీ తయారు చేయనక్కర్లేకుండా లోపలి పనితీరును మార్చుకోవడానికి డెవలపర్లు పెట్టుకున్నదని అక్కడే రాశారు. దాని వెంట ఏ పేర్లు ఇవ్వాలో, వాటి విలువలేమిటో మాత్రం వాడుకరికి వివరించలేదు. అంటే తలుపు ఉందని చెప్పి, తాళంచెవులు తమ దగ్గర పెట్టుకున్నారు. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. మామూలు ఆప్షన్ పేరు తప్పు రాస్తే ప్రోగ్రాం ఆగి చెబుతుంది. ఇలా పేరు–విలువ జంటగా ఇచ్చేది తప్పు రాస్తే, ఆ జంటను దాచుకుంటుంది, తర్వాత ఏ భాగమూ దాన్ని అడగదు. పని జరిగినట్టే కనిపిస్తుంది, ఏమీ మారదు. తెలియని ఆప్షన్ ఇచ్చి, ఫోటో బాగా వచ్చిందని నమ్మి, ఇతరులకు చెప్పే పొరపాటు ఇలాంటి చోటే పుడుతుంది.

ఇవి కాక, పైనున్న హ్యూగిన్ తన కింది పనిముట్లతో మాట్లాడటానికే వాడే ఆప్షన్లు కొన్ని ఉంటాయి. అవి మనుషులు టైప్ చేయాలని పెట్టినవి కావు.

## శాసనంలో ఒక గీత ఎక్కువైతే

సెలవు రోజున తీసిన గండికోట పనోరమాలో అతుకు కొంచెం జరిగినా పోయేదేమీ లేదు. ఇదే పనిముట్లను ఈ నేల మీద ఇంకో పనికి కూడా వాడవచ్చు, అక్కడ జాగ్రత్త మరో స్థాయిలో కావాలి.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, వాటి మధ్య కొన్ని కుడి నుంచి ఎడమకు సాగడం అక్కడి లఘు శాసనం ప్రత్యేకత. బండ చదునుగా ఉండదు. దగ్గరి నుంచి తీస్తే మధ్య భాగం ఫోకస్‌లో ఉంటే అంచులు మసకబారతాయి. అందుకే ఫోకస్ మారుస్తూ ఒకే చోటును పలుమార్లు తీసి, అలైన్ ఇమేజ్ స్టాక్‌తో సరిచేసి, ఎన్‌ఫ్యూజ్‌తో కలపడం ఒక మార్గం. ఈ పనికి తెలిసిన అమరిక స్పష్టంగానే ఉంది: ఎక్స్‌పోజర్ వెయిట్ 0, శాచురేషన్ వెయిట్ 0, కాంట్రాస్ట్ వెయిట్ 1, దాంతోపాటు హార్డ్ మాస్క్. హార్డ్ మాస్క్ లేకపోతే ఎన్‌ఫ్యూజ్ ఒక్కో పిక్సెల్‌కు అన్ని ఫోటోల నుంచి కొంత కొంత తీసుకుని సగటు వేస్తుంది. ఫోటోలు ఒక వెంట్రుకవాసి జరిగి ఉన్నా ఒక గీత పక్కన మసక గీత ఇంకొకటి పుడుతుంది.

బ్రాహ్మీ లిపిలో ఆ మసక గీత చిన్న విషయం కాదు. ‘క’ అక్షరం పైన కుడివైపు చిన్న అడ్డగీత ఉంటే ‘కా’, ఎడమవైపు ఉంటే ‘కే’. అతుకులో పుట్టిన దొంగ గీత చదివేవాళ్లను మరో పదం వైపు నడిపించగలదు. అతుకు మింగేసిన గీత కూడా అంతే. కడప జిల్లా కలమళ్లలో దొరికిన, సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనం తెలుగు భాషకు ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. అరిగిన రాళ్ల మీద ప్రతి గీతా ఒక సాక్ష్యం. ఆ సాక్ష్యం మీద ఏం చేస్తుందో తెలియని ఆప్షన్‌ను నడపడం ఈ వ్యాసం దృష్టిలో సమర్థించలేని పని, ఫోటో ఎంత అందంగా వచ్చినా సరే.

లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలు ఇంకో రకం. అక్కడ కెమెరాను ఒకే చోట తిప్పితే సరిపోదు, చిత్రం కింద నడుస్తూ తీయాలి. దీనికి .పీటీఓ ఫైల్‌లో కెమెరా జరుగుదలను చెప్పే టీఆర్‌ఎక్స్, టీఆర్‌వై, టీఆర్‌జడ్ విలువలున్నాయి. లోయ పనోరమాకు పనికొచ్చిన చిట్కా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వెనకనున్న జ్యామితే వేరు. ఎవరో పంచిన కమాండ్‌ను యథాతథంగా తెచ్చుకోవడంలోని అసలు లోపం ఇది. అది ఏ ఫోటోల కోసం పుట్టిందో ఆ కమాండ్‌లో రాసి ఉండదు.

## మూసిన సాఫ్ట్‌వేర్‌లో అయితే

ఆండ్రాయిడ్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయని చాలామందికి తెలుసు. అది చూపుకు దాచినది, కానీ దాని వివరణ గూగుల్ ఇచ్చింది. ఎన్‌బ్లెండ్ విషయం తిరగబడి ఉంటుంది: వివరణ లేదు, కానీ దాచలేదు. కోడ్ మొత్తం బయటే ఉంది. ఈ తేడాను తక్కువ చేయకూడదు.

డబ్బులు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాంటి లోపలి మీటలు ఉండవచ్చు. ఉన్నాయో లేదో చూసే దారి వాడుకరికి లేదు. కంపెనీ తప్పుకుంటే మిగిలేది కూడా ఏమీ ఉండదు. కోలోర్ కంపెనీ ఆటోపానోను ఒకప్పుడు పనోరమాలు తీసేవాళ్లు బాగా వాడేవారు. 2015లో గోప్రో ఆ కంపెనీని కొన్నది, 2018లో మూసేసింది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన ఇమేజ్ కాంపోజిట్ ఎడిటర్ కూడా ఆగిపోయింది. డెర్ష్ తప్పుకున్నాక కూడా పనోరమా టూల్స్ బతికిందంటే, కోడ్‌ను ఎవరైనా వాడుకుని, మార్చి, పంచుకోనిచ్చే జీపీఎల్ లైసెన్స్ కింద అది అందరి చేతుల్లో ఉండటమే కారణం. కోడ్ బయటికి రాని పీటీస్టిచర్‌ను మాత్రం మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. ఒకే సంచిలోని రెండు పనిముట్లకు పట్టిన రెండు గతులివి.

అయితే కోడ్ బయట ఉండటం, కోడ్ అర్థం కావడం ఒకటి కాదు. ఆ కోడ్ రాసిన సీ ప్లస్ ప్లస్ భాష చదవలేని ఫోటోగ్రాఫర్‌కు తెరిచిన కోడ్ కూడా మూసిన పుస్తకమే. ‘కోడ్ చూసుకోండి, అన్నీ ఉన్నాయి’ అనే జవాబు నిజమే కానీ న్యాయమైనది కాదు. డాక్యుమెంటేషన్ అవసరం అక్కడే ఉంది.

## ఎదురైన ఆప్షన్‌ను ఎలా విచారించాలి

మొదట చూడాల్సింది వెర్షన్. ఎన్‌బ్లెండ్‌కు --వెర్షన్, --వెర్బోస్ రెండూ కలిపి ఇస్తే వెర్షన్ అంకెతో పాటు ఆ ప్రోగ్రాంలో ఏయే భాగాలు చేర్చి తయారు చేశారో కూడా చెబుతుంది. ఈ ఒక్క అడుగుతో తయారీని బట్టి మారే ఆప్షన్ల గొడవ తేలిపోతుంది. తర్వాత హెల్ప్, మాన్ పేజీ, మాన్యువల్ మూడూ చూడాలి. హెల్ప్‌లో లేనిది మాన్యువల్‌లో ఉండటం మామూలే. ఎన్‌బ్లెండ్ మాన్యువల్ చాలా వివరమైనది, నిపుణుల ఆప్షన్లకు విడిగా ఒక భాగమే ఉంది.

అక్కడా లేకపోతే కోడ్‌లోని ఆప్షన్ల పట్టికను చూడవచ్చు. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఆ పట్టికను గుర్తుపట్టగలరు, పేర్లు వరుసగా కొటేషన్లలో ఉంటాయి. అక్కడి పేరు పక్కన ‘పాతబడింది’ అన్న హెచ్చరిక కనిపిస్తే అది పాత పేరు, కొత్తదానికి మారిపోవాలి. పట్టికలో పేరే లేకపోతే, అది ఏదో పొడవాటి పేరుకు కురచ రూపం కావచ్చు, అప్పుడు పూర్తి పేరు రాయడం మంచిది.

అన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష మాత్రం చాలా సాదాది. అవే ఫోటోలను ఆ ఆప్షన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి అతికి, రెండు ఫలితాలను గింప్ వంటి ఎడిటర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, పై లేయర్‌ను డిఫరెన్స్ మోడ్‌లో చూడాలి. తెర అంతా నల్లగా ఉంటే ఆప్షన్ ఈ ఫోటోలకు ఏమీ చేయలేదు. తెల్లని గీతలు కనిపిస్తే ఎక్కడెక్కడ చేయి పెట్టిందో అదే చూపిస్తుంది. టిఫ్ ఫైళ్లతోనే చూడాలి. జేపెగ్‌లో కుదింపు తాలూకు తేడాలు కలిసి తప్పుదారి పట్టిస్తాయి.

హ్యూగిన్ కిటికీలోంచి పనిచేసేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. పనిముట్లను వరుసగా నడిపే హ్యూగిన్ ఎగ్జిక్యూటర్ అనే ప్రోగ్రాంకు --డ్రై-రన్ ఇస్తే ఏ పనీ చేయకుండా, తాను నడపబోయే కమాండ్లను తెర మీద రాసి చూపిస్తుంది. ఒక బటన్ వెనక ఎన్ని పనిముట్లు కదులుతున్నాయో, ఏ ఆప్షన్లతో కదులుతున్నాయో చూడటానికి దీన్ని మించిన పాఠం లేదు.

## చాలాసార్లు తెలిసిన ఆప్షనే చాలు

హెల్ప్‌లో లేనిదాని కోసం వెతికేవాళ్లలో ఎక్కువమంది సమస్యలు మూడే: ల్యాప్‌టాప్ బిగుసుకుపోవడం, మేఘాలు, దగ్గరి గోడ చీలిపోవడం.

ర్యామ్ లెక్క చూద్దాం. 20,000 పిక్సెళ్ల వెడల్పు, 6,000 ఎత్తు ఉన్న పనోరమా అంటే 12 కోట్ల పిక్సెళ్లు. మూడు రంగులు, ఒక్కో రంగుకు 16 బిట్లు, అంటే పిక్సెల్‌కు 6 బైట్లు. మొత్తం 72 కోట్ల బైట్లు. ఎన్‌బ్లెండ్ బొమ్మను సగం, అందులో సగం చేసుకుంటూ పిరమిడ్ కడుతుంది, దాంతో ఇంకో మూడో వంతు చేరుతుంది. ఇలాంటివి కలిపే రెండు బొమ్మలకూ, మధ్యలోని మాస్క్‌కూ విడిగా కావాలి. నాలుగు జీబీ ఎందుకు చాలదో ఇక్కడే తెలుస్తుంది. పనోరమా కొలతలు మార్చే పానో మాడిఫై అనే హ్యూగిన్ పనిముట్టులో --క్యాన్వాస్‌కు 50% ఇస్తే వెడల్పు, ఎత్తు రెండూ సగమై పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి. గోడకు వేలాడదీసే ప్రింటు కాకపోతే ఆ తేడా కంటికి తెలియదు. ఇవన్నీ డాక్యుమెంట్ అయిన దారులే.

మేఘాలు ఒక ఫోటోకు మరో ఫోటోకు మధ్య కదిలిపోతాయి. వాటి మీద పడిన బిందువులు లెక్కను తప్పిస్తాయి. సీపీఫైండ్‌కు --సెలెస్టే ఇస్తే మేఘాల మీది బిందువులను వదిలేస్తుంది. ఇది హెల్ప్‌లోనే ఉంది.

కోటగోడ చీలిపోవడానికి మాత్రం ఏ ఆప్షనూ మందు కాదు. కెమెరాను చేత్తో తిప్పినప్పుడు లెన్స్ ఒక అర్ధవృత్తంలో ముందుకు, పక్కకు జరుగుతుంది. దూరపు లోయ గోడకు ఆ జరుగుడు లెక్కలోకి రాదు, రెండడుగుల్లో ఉన్న కోటగోడకు వస్తుంది. దాన్నే పారలాక్స్ అంటారు. ట్రైపాడ్ మీద లెన్స్ సరైన బిందువు దగ్గర తిరిగేలా అమర్చుకోవడమో, దగ్గరి గోడను ఫ్రేములోకి రానివ్వకపోవడమో దారి. అలా తీయని ఫోటోలకు మాస్కులు గీసి, గోడ మొత్తాన్ని ఒకే ఫోటో నుంచి తీసుకోవచ్చు.

## రాబోయే చిక్కులు, చిన్న మరమ్మతులు

ఉబుంటు వంటి వ్యవస్థలు కొత్త వెర్షన్‌కు మారినప్పుడు హ్యూగిన్, ఎన్‌బ్లెండ్ కూడా మారతాయి. డాక్యుమెంట్ అయిన ఆప్షన్‌ను తీసేస్తే మార్పుల జాబితాలో ఆ మాట రావాలని అందరూ ఆశిస్తారు. డాక్యుమెంట్ కానిదాన్ని తీసేస్తే ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, మాట ఇస్తేనే కదా తప్పేది. వందల ఫోటోలను ఒకే స్క్రిప్టుతో నడిపేవాళ్లకు ఇది నేరుగా తగిలే దెబ్బ. అలాంటి స్క్రిప్టులో కురచ పేర్లు, పాత పేర్లు ఉంటే ఇప్పుడే పూర్తి కొత్త పేర్లకు మార్చుకోవడం తేలిక.

మరోవైపు, ఈ ఎడాన్ని పూడ్చడానికి ప్రోగ్రామర్ కావాల్సిన పని లేదు. పనిచేస్తున్నా హెల్ప్‌లో లేని ఆప్షన్‌ను గుర్తించి, అది ఏం చేస్తుందో పరీక్షించి, రెండు వాక్యాలు రాసి డెవలపర్లకు పంపితే అది కూడా సాఫ్ట్‌వేర్‌కు చేసిన సేవే. అనంతపురం, కడప ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు కోసం వెతికే విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి దారి దొరకడం కష్టం.

ఇక రికార్డు విషయం. హ్యూగిన్ కిటికీలో ఎన్‌బ్లెండ్ కోసం అదనపు ఆప్షన్లు రాస్తే అవి .పీటీఓ ఫైల్‌లో ‘హ్యాష్ హ్యూగిన్’ అని మొదలయ్యే వరుసలో మామూలు అక్షరాల్లో మిగులుతాయి. పదేళ్ల తర్వాతైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు. ఎన్‌బ్లెండ్ వెర్షన్ మాత్రం అందులో ఉండదు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) నేరుగా కొట్టిన కమాండ్ అయితే బొమ్మతో పాటు ఎక్కడా నిలవదు. ఎర్రగుడి గుండు ఫోటో ఉన్న ఫోల్డర్‌లోనే ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టి, కొట్టిన కమాండ్‌ను, వెర్షన్ అడిగితే ప్రోగ్రాం ఇచ్చిన జవాబును అందులో అతికిస్తే, ఆ శాసనాన్ని రేపు చదివే మనిషికి అనుమానం వచ్చిన గీత రాతిదో, సాఫ్ట్‌వేర్‌దో తేల్చుకునే వీలుంటుంది.